మెకార్మిక్ ప్లేస్‌లో ఒక బోర్డు, ఒక గంట

మెదడు, నరాల మీద పనిచేసేవాళ్ళ సంఘం సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ 2024లో షికాగోలోని మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ కేంద్రంలో కలిసింది. షికాగో ఎయిర్‌పోర్టు ఓహేర్‌లో దిగినవాళ్ళు బ్లూ లైన్ రైలు ఎక్కి, క్లార్క్/లేక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, సెర్మాక్-మెకార్మిక్ ప్లేస్‌లో దిగితే సరి. 2024లో ఎయిర్‌పోర్టులో ఎక్కితే 5 డాలర్లు, మిగతా స్టేషన్లలో రెండున్నర ఉండేది. అన్ని రోజులూ ఉండేవాళ్ళకి అప్పట్లో 20 డాలర్లున్న ఏడు రోజుల పాస్ మేలు. సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వాళ్ళ షటిల్ బస్సులు వాళ్ళు మాట్లాడిపెట్టిన హోటళ్ళ నుంచే నడుస్తాయి. నాలుగు డబ్బులు మిగులుతాయని వేరే చోట గది తీసుకుంటే రైలే గతి. ఇంకోటి, షికాగోలో గది అద్దె మీద పన్ను 2024లో 17.4 శాతం ఉండేది. బుక్ చేసేటప్పుడు పైన కనిపించిన రేటుతోనే లెక్క వేసుకుంటే ఖాళీ చేసే రోజు చేదుగా ఉంటుంది.

2024 సమావేశం అక్టోబర్ 5 నుంచి 9 వరకు. ఇరవై వేల మందికి పైగా వచ్చారు. 1969లో సొసైటీ పుట్టి, 1971లో వాషింగ్టన్‌లో మొదటిసారి కలిసినప్పుడు వచ్చింది దాదాపు 1,400 మంది. అప్పుడైతే అందరినీ ఒక చుట్టు చుట్టి పలకరించేయొచ్చు. ఇప్పుడు మొదటి పూట చిరాకే వేస్తుంది. భవనాలు నాలుగు, వాటి మధ్య వంతెనలు. కాఫీ క్యూలో నిలబడ్డామంటే ఒక ఉపన్యాసం పోయినట్టే. ఏ రోజు ఏ భవనంలో ఉండాలో ముందే యాప్‌లో గుర్తు పెట్టుకోకపోతే నడకే మిగులుతుంది.

నడక ఎలాగూ తప్పదు కాబట్టి ఒకసారి వంతెన దాటి లేక్‌సైడ్ భవనం దాకా వెళ్ళాలి. 2023 అక్టోబర్ 5 తెల్లారేసరికి ఆ అద్దాల కింద దాదాపు వెయ్యి వలస పక్షులు చచ్చిపడి ఉన్నాయి. రాత్రి ఎగిరే పిట్టల్ని లోపలి దీపాలు లాగాయి, అద్దం వాటికి అడ్డంగా కనబడలేదు. ఆ తరవాతి వేసవిలో అద్దాల నిండా చిన్న చిన్న చుక్కల ఫిల్మ్ అతికించారు. ఆ పక్షులు చచ్చిపడిన సరిగ్గా ఏడాదికి దృష్టి మీద పనిచేసేవాళ్ళు ఇంతమంది అదే చోటికి చేరారు. ఆ చుక్కల ముందు ఆగినవాళ్ళు మాత్రం తక్కువ.

ఈ సొసైటీ చేసే మేలు ఏమిటని అడిగితే పెద్ద హాల్లో జరిగే ప్రెసిడెన్షియల్ ఉపన్యాసాలు చూపించేవాళ్ళు ఉన్నారు. నా లెక్కలో అసలు పని పోస్టర్ల హాల్లో, అంటే పరిశోధన ఫలితాల్ని పెద్ద షీటు మీద వేసి బోర్డుకి తగిలించే చోట జరుగుతుంది. మన సమావేశాల్లో పోస్టరంటే టీ విరామంలో చూసీ చూడనట్టు దాటిపోయేది. ఇక్కడ పొద్దున 8 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 5, పూటకి నాలుగు గంటలు. అందులో ఒక గంట రచయిత బోర్డు దగ్గర కచ్చితంగా నిలబడాలి. నోబెల్ వచ్చిన ల్యాబ్‌దైనా, పేరు వినని కాలేజీదైనా బోర్డు ఒకటే సైజు. ఫోటో తీయాలంటే అవతలివాళ్ళని అడగాల్సిందే.

ఏ బోర్డు పక్కన ఏ బోర్డు పడుతుందన్నది అబ్‌స్ట్రాక్ట్ (పని సారాంశం) పంపినప్పుడే తేలిపోతుంది. ఏ నుంచి జే దాకా పది థీములు. అభివృద్ధి ఏ, సినాప్సులూ (నరకణాలు కలిసే చోట్లు) గ్లియా (వాటికి తోడుండే కణాలు) బీ, క్షీణత జబ్బులు సీ, ఇంద్రియాలు డీ, అలా వెళ్ళి పద్ధతులు ఐ, చరిత్రా బోధనా జే. కొత్త మైక్రోస్కోపు వాడామన్న ఉత్సాహంతో భయం మీద చేసిన పనిని ఐలో పడేస్తే, చుట్టూ లెన్సుల వాళ్ళే ఉంటారు. భయం మీద పనిచేసేవాళ్ళు వేరే పూట వేరే వరసలో తిరుగుతుంటారు. ప్రశ్న దేని గురించో చూసి థీము ఎంచుకోవాలి, పరికరాన్ని చూసి కాదు.

ఒక వరస చివర ఒక పీహెచ్‌డీ అమ్మాయి ఎలుకల హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకి ముఖ్యమైన మెదడు భాగం) రికార్డింగులు పెట్టుకుని నిలబడింది. గ్రాఫ్ కింద రెండొందల పైచిలుకు కణాలు, పైన తేడా గట్టిదని చెప్పే మూడు నక్షత్రాలు. బ్యాడ్జీ తిరగబడి పేరు కనిపించని ఒక పెద్దాయన వచ్చి, నమస్కారం కూడా లేకుండా అడిగాడు:

"ఎలుకలు ఎన్ని?"

"నాలుగు."

"అయితే ఎన్ నాలుగు కదా, రెండొందలు ఎక్కణ్ణించి వచ్చింది?"

ఎన్ అంటే లెక్కలోకి వచ్చే స్వతంత్ర నమూనాల సంఖ్య. ఒకే ఎలుకలోంచి తీసిన కణాలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. ఎలక్ట్రోడ్ దిగిన చోటు, మత్తుమందు మోతాదు, ఆ రోజు ఆ జంతువు ఉన్న తీరు, ఇవన్నీ వాటికి ఉమ్మడి. విడివిడిగా లెక్కేస్తే పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) ఉండాల్సిన దానికంటే బాగా చిన్నదైపోతుంది. మిక్స్‌డ్ మోడల్ పెట్టి జంతువుని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా, అంటే జంతువుకీ జంతువుకీ ఉండే తేడాని కూడా లెక్కలో కలిపి, తీసుకోవచ్చుగా అని ఆ అమ్మాయి అంది. తీసుకోవచ్చు, కానీ నలుగురిని చూసి ఊరంతటి తేడా అంచనా కట్టినట్టుంటుంది. ఆయన ఆమె హ్యాండవుట్ వెనక్కి తిప్పి, ఎలుకకి ఒక చుక్క చొప్పున సగటులు గీయమన్నాడు. మూడు చుక్కలు పైకి, ఒకటి కిందికి. ఇద్దరూ ఆ నాలుగో ఎలుక గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎలక్ట్రోడ్ హిప్పోక్యాంపస్‌లోని సీఏ1 అనే భాగం దాటి కిందికి దిగిందేమో కణజాలం కోతల్లో చూడమన్నాడు. జర్నల్ రెఫరీ ఇదే మాట నెలల తరవాత, కాస్త కటువుగా రాసి ఉండేవాడు. ఈ సంభాషణని సొసైటీ ఏర్పాటు చేయలేదు. బోర్డూ గంటా చుట్టుపక్కల బోర్డులూ మాత్రమే ఏర్పాటు చేసింది.

పోస్టర్ సంగతి కూడా చెప్పాలి. కాగితం గొట్టం విమానంలో తలనొప్పి. గుడ్డ మీద ప్రింట్ చేయిస్తే క్యాబిన్ బ్యాగులో మడిచి పెట్టుకోవచ్చు. కానీ గుడ్డ మధ్యలో జారుతుంది, నాలుగు మూలలతో పాటు పై అంచు పొడవునా పిన్నులు గుచ్చాలి. మడతలు పోవాలంటే ముందు రాత్రే వేలాడదీయాలి. స్క్రీన్ మీద మెరిసే ఫ్లోరసెన్స్ ఆకుపచ్చ ప్రింట్‌లో చచ్చిపోతుంది. స్క్రీన్ రంగుల పద్ధతి ఆర్‌జీబీ నుంచి ప్రింటు రంగుల పద్ధతి సీఎంవైకేకి మారేటప్పుడు ఆ రంగు అచ్చు సిరాలకి అందదు. కొంచెం వెలుతురు పెంచి, చిన్న ముక్క అచ్చు వేయించి చూసుకోవాలి. ఎరుపు-ఆకుపచ్చ జంట బదులు మెజెంటా-ఆకుపచ్చ వాడితే వర్ణాంధత్వం ఉన్నవాళ్ళూ చదవగలరు.

ఎగ్జిబిషన్ హాల్లో పరికరాల కంపెనీలు చాక్లెట్లు పంచుతాయి. వాటిని దాటి ఎన్ఐహెచ్ (అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ బూత్‌కి వెళ్ళడం మంచిది. గ్రాంట్లు చూసే ప్రోగ్రామ్ అధికారులు ఎదురుగా దొరికేది ఇక్కడే. గ్రాంటు దరఖాస్తు లక్ష్యాల పేజీ ఒకటి చేతిలో ఉంటే, అది ఎన్ఐహెచ్‌లోని ఏ సంస్థకి సరిపోతుందో పది నిమిషాల్లో తేలుతుంది. ఆ ఏడాది అక్కడ అందరి నోటా ఒకటే గొడవ. మెదడు పరిశోధనకి అమెరికా ప్రభుత్వం పెట్టిన బ్రెయిన్ ఇనిషియేటివ్ నిధులు 2023లో 680 మిలియన్ డాలర్లు, 2024లో 402 మిలియన్లు. ఇలాంటప్పుడే సొసైటీ రాజకీయ పని అవసరం తెలుస్తుంది. క్యాపిటల్ హిల్ డే పేరుతో సభ్యుల్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి చట్టసభల ఆఫీసుల తలుపులు తట్టిస్తుంది. ల్యాబ్‌లో ఉండేవాడికి ఇది పెద్ద పనిగా కనిపించదు, గ్రాంటు ఆగేదాకా.

జర్నళ్ళ గురించి ఎక్కువ చెప్పను. జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్ 1981 నుంచి వస్తోంది. ఇంకొకటి ఈన్యూరో, ఓపెన్ యాక్సెస్, ఫలితం రాని ప్రయోగాలకీ చోటిస్తుంది. ఆ నాలుగో ఎలుక లాంటివి అక్కడికి పంపుకోవచ్చు.

విద్యార్థులకి ట్రైనీ అవార్డులున్నాయి, సీవీ దిద్దిపెట్టే సలహాదారులున్నారు. గ్రాడ్యుయేట్ స్కూల్ ఫెయిర్‌లో యూనివర్సిటీల వాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పిల్లలతో వచ్చినవాళ్ళకి చైల్డ్‌కేర్ ఉంది. ఏదీ ఎవరూ పిలిచి చేతిలో పెట్టరు, గడువు చూసుకుని దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ తరవాతి సమావేశం శాన్ డియాగోలో, 2025 నవంబర్ 15 నుంచి 19 వరకు జరిగింది. అక్కడ గ్రీన్ లైన్ ట్రాలీ కన్వెన్షన్ సెంటర్ ముందే ఆగుతుంది. అబ్‌స్ట్రాక్ట్ గడువు వేసవిలోనే అయిపోతుంది కాబట్టి సభ్యత్వం అంతకుముందే తీసుకోవాలి. దేశ ఆదాయ వర్గాన్ని బట్టి రుసుము తగ్గుతుంది, మన దేశం వరస చూసుకుని కట్టండి. ఆహ్వాన పత్రం సొసైటీ ఇస్తుంది కానీ దాంతో వీసా వచ్చేసినట్టు కాదు. వీసా దరఖాస్తు ఫీజు 2025లో 185 డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి ఇవ్వరు. అందుకే బోర్డు దగ్గర తన బదులు ఎవరు నిలబడతారో సహరచయితలతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.