యంత్రం కుదురుకునేలోపు

జర్మనీలో పోస్ట్‌డాక్‌గా, అంటే డాక్టరేట్ తర్వాత తాత్కాలిక ఒప్పందం మీద పనిచేసే పరిశోధకుడిగా, నా పని స్ఫటికాలను పెంచడం. ఉక్కు గదిలో గాలి ఒత్తిడిని బయటి దానిలో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువకు దించి, 600 డిగ్రీల దాకా వేడెక్కిన గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహక పలక మీదికి గాలియం, ఆర్సెనిక్ ఆవిరిని పంపుతాం. సెకనుకు సుమారు ఒక పరమాణు పొర చేరుతుంది, అంటే గంటకు దాదాపు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1960ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి పేరు మాలిక్యులర్ బీమ్ ఎపిటాక్సీ. వేడి కాస్త తగ్గించి, ఆ పలక మీదే ఇండియం ఆర్సెనైడ్ వేస్తే ఇంకో అందం కనిపిస్తుంది. రెండు స్ఫటికాల్లో పరమాణువుల ఎడం ఏడు శాతం తేడా. రెండో పొర నిండకముందే ఆ తేడా తెచ్చే ఒత్తిడికి తాళలేక పదార్థం తనంతట తానే చిన్న చిన్న దిబ్బలుగా విడిపోతుంది. ఎలక్ట్రాన్లను బంధించేంత చిన్నవైన అవే క్వాంటం డాట్లు. పెరుగుదలను గమనించడానికి పలక మీదికి ఎలక్ట్రాన్లను పంపి, అవి తెర మీద వేసే ఆకారాన్ని చూస్తుంటాం; ఆ క్షణంలో అక్కడి గీతలు చుక్కలవుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

సెలవులకు అనంతపురం వెళ్తే పెదనాన్న ఈ కథంతా ఓపికగా విని, “బాగుంది నాయనా, మరి రెండేళ్లకొకసారి కొత్త ఉద్యోగ ఒప్పందం కాగితం ఎందుకు?” అంటారు. ఈ రంగానికి వేయవలసిన అసలు ప్రశ్న అదే.

మూలపదార్థం నింపడానికి గదిని ఒకసారి తెరిస్తే, లోపలి తేమ పోవడానికి రోజుల తరబడి మొత్తం యంత్రాన్ని 150 డిగ్రీలకు పైగా వేడిలో ఉంచాలి. ఆ తర్వాత కూడా మలినాలు తగ్గి మంచి పొరలు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పలక వేడి చూపే థర్మోకపుల్ అనే కొలత తీగ పలకను తాకదు. అది చూపే అంకెకూ అసలు వేడికీ తేడా ఒక్కో యంత్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. కాబట్టి నోట్‌బుక్‌లో రాసుకున్న అంకెలు ఇంకో ప్రయోగశాలలో అలాగే పనికిరావు. చేయి తిరిగేసరికి ఒప్పందం ముగింపుకొస్తుంది, మనిషి వెళ్తాడు, నేర్పు అతనితోనే పోతుంది. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో డాక్టరేట్ తర్వాత తాత్కాలిక ఒప్పందాలకు సాధారణంగా ఆరేళ్లే పరిమితి. బయటి ప్రాజెక్టు నిధులుంటే పొడిగించవచ్చు. పరిమితి మనుషులను కాపాడడానికే పెట్టినా, ఆ తర్వాత ఉండడానికి శాశ్వత ఉద్యోగాలు చాలా కొద్ది. జపాన్ శాస్త్రవేత్త అకసాకి 1970ల్లో నీలి ఎల్‌ఈడీకి కావలసిన గాలియం నైట్రైడ్ పట్టుకుంటే, తన విద్యార్థి అమానోతో కలిసి నాణ్యమైన స్ఫటికం చేతికి వచ్చింది 1986లో. ఆ ఎల్‌ఈడీకి నోబెల్ 2014లో. రెండేళ్ల ఒప్పందాల మీద ఆ పని సాగేది కాదని నా నమ్మకం.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివే పిల్లలు “అన్నా, ఈ దారి మంచిదేనా?” అని ఫోన్ చేస్తుంటారు. మంచిదే. కర్నూలు సోలార్ పార్కులో 1,000 మెగావాట్లు ఇస్తున్న సిలికాన్ కూడా ఎవరో ఒకరు కొలిమి దగ్గర నిలబడి పెంచిన స్ఫటికమే. కానీ అవకాశం వచ్చినప్పుడు జీతం కన్నా ముందు యంత్రం గురించి అడగమంటాను: ఇప్పుడు నడుస్తోందా, చివరిసారి ఎప్పుడు తెరిచారు, శాశ్వత టెక్నీషియన్ ఉన్నారా, వెళ్లిపోతున్న మనిషి కొన్ని నెలలైనా పక్కనుండి నేర్పుతారా. నాకు అలా నేర్పినవారు ఉన్నారు. నా తర్వాత వచ్చేవారితో అలా కలిసి పనిచేయడానికి కొంత గడువు ఇమ్మని మా ప్రొఫెసర్‌ను ఇప్పటినుంచే అడుగుతున్నాను.