కడపలో ఉండి సముద్రపు స్పంజికల మీద ప్రాజెక్టు చేసిన అనుభవం

కడప నుంచి సముద్రం చూడాలంటే ఒక పూట ప్రయాణం. ఇక్కడ ఉండి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుకు సముద్రపు స్పంజికలు (స్పాంజ్‌లు) ఎందుకని చాలామంది అడిగారు. నాకు ఆ జీవి అంటే ఇష్టం. దానికి నోరు లేదు, పేగు లేదు. ఒంటినిండా ఉన్న చిల్లుల్లోంచి నీళ్లు పీల్చి, వడగట్టి, దొరికిన బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. కిలో బరువున్న స్పంజిక రోజుకు వేల లీటర్లు వడగట్టగలదు. అదే ఒంట్లో కొన్ని సూక్ష్మజీవులను మాత్రం తినకుండా కాపురం ఉండనిస్తుంది. కొన్ని జాతుల్లో ఒంటి బరువులో మూడో వంతుకు పైగా వాటిదే. మనం సముద్రంలోకి వదిలేదంతా ఆ నీళ్లతో పాటే లోపలికి పోతుంది కదా, మరి లోపల ఉన్నవాటి గతేంటి? నా ప్రశ్న అదే.

ముందు తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖకు వెళ్లి నమూనాలు తెచ్చుకోవాలనుకున్నా. అక్కడి దీవులు 1986 నుంచి సముద్ర జాతీయ పార్కు. అటవీశాఖ అనుమతి, పడవ, నీళ్లలో దిగేవాళ్లు, ఆ తర్వాత సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదివించడం) ఖర్చు, ఇవన్నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అయ్యే పనులు కావు. "పబ్లిక్ డేటా బోలెడు ఉందమ్మా, దాన్నే శ్రద్ధగా చదువు" అన్నారు మా గైడ్ మేడం. 2016లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలోనే 81 జాతుల నుంచి తీసిన 804 స్పంజిక నమూనాలున్నాయి. ఇలాంటి సీక్వెన్సులు చాలావరకు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

డౌన్‌లోడ్లు, ల్యాప్‌టాప్ కష్టాలు ఈ పని చేసేవాళ్లందరికీ ఉండేవే. అసలు టెన్షన్ ఎక్సెల్ షీటులో మొదలైంది. ఒక్కో వరుసలో స్పంజిక పేరు, అక్షాంశం, రేఖాంశం, లోతు, తీసిన తేదీ ఉన్నాయి. నాకు కావలసింది ఆ పక్క గడులు. ఆ రోజు ఆ నీళ్లలో రాగి ఎంత, నైట్రేట్ ఎంత, మురుగు కలిసిందా లేదా? నేను ఎంచుకున్న నమూనాల్లో ఎక్కువ శాతం ఆ గడులు ఖాళీ. డీఎన్ఏ వివరం లక్షల అక్షరాల్లో ఉంది, నీటి వివరం ఒక్క ముక్క లేదు. రేవు దగ్గర తీశారని మ్యాపులో తెలిసినంత మాత్రాన కాలుష్యం అని రాసేయలేం.

ఉన్నదానితోనే గ్రాఫ్ వేశాం. ఒక్కో చుక్క ఒక్కో నమూనా; లోపలి సూక్ష్మజీవులు ఎంత ఒకేలా ఉంటే చుక్కలు అంత దగ్గరగా పడతాయి. చుక్కలు ఊరిని బట్టి కాకుండా జాతిని బట్టి గుంపులు కట్టాయి. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఒకే జాతి స్పంజికలు పక్కపక్కనే చేరాయి. చుట్టూ ఉన్న సముద్రపు నీటి నమూనాలు ఎక్కడో విడిగా ఉన్నాయి. స్పంజిక తన సూక్ష్మజీవులను అంత గట్టిగా పట్టుకుని ఉంటుందన్నమాట.

అయితే కాలుష్యం దాన్ని ఏమీ చేయదా? దీనికి జవాబు ట్యాంకుల్లో పెట్టి చేసిన పాత ప్రయోగాల్లో దొరికింది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని ఒకే జాతి స్పంజిక మీద చేసినవి అవి. 2001లో దాన్ని రాగి ఎక్కువున్న నీళ్లలో ఉంచితే లోపలి బ్యాక్టీరియా తగ్గిపోయింది. ఓడలకు, పడవలకు నాచు పట్టకుండా పూసే రంగుల్లో ఉండేది ఈ రాగే. 2012లో మురుగులో ఉండే లాంటి పోషకాలు కలిపి చూస్తే మాత్రం పెద్ద మార్పు రాలేదు. వేడి విషయంలో 31 డిగ్రీల దాకా తట్టుకుంది, 33 దగ్గర సూక్ష్మజీవుల సముదాయమే మారిపోయి స్పంజిక కుళ్లడం మొదలైంది. అందుకే కాలుష్యం అని ఒకే మాటలో చెబితే కుదరదనిపించింది. ఏ పదార్థం, ఎంత, ఎన్నాళ్లు అన్నది విడివిడిగా చెప్పాల్సిందే.

మా నాయనకు ఇవన్నీ చెబుతుంటే బేరియం పేరు దగ్గర ఆపారు. ఆయన ముగ్గురాయిని పొడి చేసే మిల్లులో పనిచేస్తారు. మంగంపేట ముగ్గురాయిలో ఉండేది బేరియమే. ఎర్రసముద్రంలోని ఒక స్పంజికలో ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియా ఆర్సెనిక్‌ను, బేరియంను తన కణంలోనే ఖనిజంగా మార్చి దాచుకుంటుందని 2017లో తేలింది. విషాన్ని విరిచే పని స్పంజిక తరఫున అదే చేస్తోందని ఆ శాస్త్రవేత్తల అంచనా. "ఆ పొడి చమురు బావులు తవ్వేదానికి పోతుంది మే, సముద్రంలో తవ్వేవాటికి కూడా" అన్నారు నాయన. వెతికితే ఆ పొడి కలిసిన నీళ్లలో ఒక లోతు సముద్రపు స్పంజిక కణాలు దెబ్బతిన్నట్టు 2016 నాటి పేపర్ ఒకటి కనిపించింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఇల్లు గడిచేది ఆ పొడితోనే.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ సూటిగా అడిగారు: "ఇంతకీ కాలుష్యం ప్రభావం ఉన్నట్టా, లేనట్టా?" రాగికి, వేడికి ఉందని ప్రయోగాలు చెబుతున్నాయని, నా దగ్గరున్న డేటాతో మాత్రం నేను అవుననీ కాదనీ తేల్చలేనని, ఖాళీ గడుల పట్టిక తీసి చూపించా. ఆయన ఆ పేజీ మీదే ఎక్కువసేపు మాట్లాడారు. పాసయ్యా.

ఇప్పుడు పీహెచ్‌డీకి ప్రపోజల్ రాస్తున్నా. స్పంజిక ముక్క తీసిన చోటే, అదే పూట, ఒక సీసా నీళ్లు, కాస్త అడుగు మట్టి కూడా తీయాలని, రాగి, సీసం, బేరియం కొలతలు అదే షీటులో ఎక్కించాలని మొదటి పేజీలోనే పెట్టా. అనుమతి దరఖాస్తుకు కావలసిన కాగితాల కోసం వచ్చే వారం మేడంను కలవాలి.