గేట్ పాలిమర్ సెక్షన్: గోల్ఫ్ బంతి మోల్డ్ వేడి పట్టుకుని చదివిన నా ప్రిపరేషన్

ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో, ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్‌లో పాలిమర్ సైన్స్ సెక్షన్ తీసుకున్న మిత్రులకి ఒక టెన్షన్ ఉమ్మడిగా ఉంటుంది. సిలబస్ చూస్తే చిన్నదే, కానీ ప్రాసెసింగ్ భాగం ఎన్నిసార్లు చదివినా నిలవదు. కంప్రెషన్ మోల్డింగ్ ఒక చోట, వల్కనైజేషన్ కైనెటిక్స్ (రబ్బరు గట్టిపడే చర్య వేగం) ఇంకో చోట, రియాలజీ (పదార్థం పారే తీరు) మరో చోట. దేనికది విడిగా బట్టీ పడితే పరీక్ష నాటికి అన్నీ కలిసిపోతాయి. ఈ సెక్షన్‌కి 35 మార్కులు కాబట్టి తేలిగ్గా వదిలేయడానికీ లేదు.

నాకు పనికొచ్చిన దారి ఇది. ఒకే వస్తువు తీసుకుని, అది తయారయ్యేటప్పుడు మోల్డ్‌లో వేడి ఎటు పోతోందో, ఎంతసేపట్లో పోతోందో లెక్కలు వేసుకుంటూ చదివాను. ఆ వస్తువు గోల్ఫ్ బంతి. ఆట తెలియకపోయినా ఫర్వాలేదు. నిబంధనల ప్రకారం బరువు 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మి.మీ.కి తగ్గకూడదు. లోపల పాలీబ్యూటాడయీన్ రబ్బరు కోర్, అందులో రబ్బరు గొలుసుల్ని ముడివేసే జింక్ డయాక్రిలేట్, ఆ చర్యని మొదలుపెట్టే పెరాక్సైడ్. దీన్ని కంప్రెషన్ మోల్డింగ్‌లో క్యూర్ చేస్తారు, అంటే మోల్డ్‌లో నొక్కి వేడితో గట్టిపరుస్తారు. పైన సర్లిన్ లాంటి అయనోమర్ (అయాన్ గుంపులున్న ప్లాస్టిక్) కవర్ అయితే ఇంజెక్షన్ మోల్డింగ్, ఖరీదైన బంతుల్లో పాలీయురేథేన్ అయితే ఎక్కువగా క్యాస్టింగ్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫోర్డ్‌లో టైట్లిస్ట్, చికోపీలో కాలవే బంతుల ఫ్యాక్టరీలున్నాయి. మన సిలబస్‌లో సగం ఆ ఒక్క బంతిలోనే ఉంది.

ముందు కోర్ సంగతి చూద్దాం. ప్రెస్ ప్యానెల్ మీద 160 డిగ్రీలు కనిపిస్తోంది. అది ప్లేటెన్ (మోల్డ్‌ని నొక్కే వేడి పలక) వేడి. కోర్ మధ్యలో ఎంతుంది? కోర్ వ్యాసార్థం 19 మి.మీ., థర్మల్ డిఫ్యూజివిటీ (వేడి పదార్థంలో పాకే వేగానికి కొలత, ఆల్ఫా) సెకనుకు 10 పవర్ మైనస్ 7 చదరపు మీటర్లు అనుకోండి. గోళానికి టైమ్ కాన్‌స్టంట్ (వేడెక్కడానికి పట్టే సమయానికి కొలత) అంటే వ్యాసార్థం స్క్వేర్‌ని 'పై స్క్వేర్ ఇంటూ ఆల్ఫా'తో భాగించాలి. దాదాపు 366 సెకన్లు, అంటే ఆరు నిమిషాలు. మధ్యభాగం తొంభై శాతం వేడెక్కాలంటే దానికి మూడు రెట్లు, సుమారు 18 నిమిషాలు. రబ్బరు ఎంత బద్ధకంగా వేడెక్కుతుందో ఈ ఒక్క లెక్కతో నా బుర్రకెక్కింది.

కానీ ఈ లెక్క అక్కడితో ఆగదు. పెరాక్సైడ్ విడిపోయి జింక్ డయాక్రిలేట్ చర్యలో దిగగానే లోపలి నుంచే వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి దారి అదే బద్ధకపు రబ్బరు. కాబట్టి మొదట వెనకబడ్డ మధ్యభాగం తర్వాత మోల్డ్ ఉష్ణోగ్రతను కూడా దాటిపోగలదు. కోర్ ఉపరితలం నుంచి మధ్యకి వెళ్లేకొద్దీ గట్టిదనం మారడానికి ఇది ఒక ముఖ్య కారణం. తయారీదారులు మోల్డ్ ఉష్ణోగ్రతనీ సమయాన్నీ మార్చి ఆ తేడాను కావాలనే తెచ్చుకుంటారు.

ఇక్కడే కైనెటిక్స్ చదవండి, వేరే రోజుకి వాయిదా వేయకండి. 'పది డిగ్రీలు పెరిగితే రేటు రెట్టింపు' అని అందరం చదివాం. రబ్బరు క్యూరింగ్‌లో వాడే డైక్యుమైల్ పెరాక్సైడ్‌తో దాన్ని సరిచూడండి. దాని హాఫ్ లైఫ్ (సగం విడిపోవడానికి పట్టే సమయం) సుమారు 116 డిగ్రీల దగ్గర పది గంటలు, 175 డిగ్రీల దగ్గర ఒక నిమిషం. అరవై డిగ్రీల లోపు తేడాకి 600 రెట్లు. రెట్టింపు సూత్రం ప్రకారం అయితే 64 రెట్లే రావాలి. యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 150 కిలోజౌల్స్ పెట్టి ఉష్ణోగ్రతతో రేటు ఎలా మారుతుందో చెప్పే అరీనియస్ సమీకరణంలో 160 నుంచి 170 డిగ్రీలకి లెక్క కడితే రేటు 2.56 రెట్లు అవుతుంది. మోల్డ్‌లో ఐదు డిగ్రీల తేడాకే ఎందుకంత కంగారు పడతారో అప్పుడు అర్థమవుతుంది.

మా కాలేజీ ల్యాబ్‌లో సార్ ఒకసారి మందపాటి రబ్బరు దిమ్మెను కావాలనే తక్కువ సమయం ప్రెస్‌లో ఉంచి తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి చూపించారు. బయట నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో గోరు గుచ్చితే దిగిపోయింది, గుంట అలాగే ఉండిపోయింది. డైక్యుమైల్ పెరాక్సైడ్ విడిపోయినప్పుడు వచ్చే అసిటోఫెనోన్ తియ్యటి వాసన గదంతా పట్టింది. అదే కాంపౌండ్ ఎండీఆర్ (క్యూర్ అయ్యేకొద్దీ రబ్బరు టార్క్ ఎలా పెరుగుతుందో కొలిచే పరికరం) గ్రాఫ్ చూస్తే ఆ సమయానికి క్యూర్ అయిపోయి ఉండాలి. ఎండీఆర్‌లో శాంపిల్ పల్చన కాబట్టి వెంటనే వేడెక్కుతుంది, దిమ్మె అలా వేడెక్కదు. ఇంకో మాట, ఆ గ్రాఫ్ నుంచి తీసే క్యూర్ సమయం టీ90 అంటే టార్క్ గరిష్ఠంలో 90 శాతం చేరిన సమయం కాదు. కనిష్ఠ టార్క్‌కి, గరిష్ఠ కనిష్ఠాల తేడాలో 90 శాతం కలిపిన విలువ చేరిన సమయం.

కవర్ దగ్గర కథ తిరగబడుతుంది. ఇప్పుడు మోల్డ్ చల్లగా ఉండాలి. కోర్‌ని రెండు వైపుల నుంచీ సన్నటి పిన్నులు మధ్యలో పట్టుకుంటాయి. కరిగిన అయనోమర్ దాదాపు నిండగానే పిన్నులు వెనక్కి వెళ్తాయి, ఆ చోట్లు కూడా నిండుతాయి. మోల్డ్ మరీ చల్లగా ఉంటే ప్లాస్టిక్ ముందే గట్టిపడి పిన్ను గుర్తులు, బలహీనమైన వెల్డ్ లైన్లు (రెండు ప్రవాహాలు కలిసిన గీతలు) మిగులుతాయి. వెచ్చగా ఉంటే కోర్ పక్కకి జరగొచ్చు, తీసేటప్పుడు డింపుల్స్ (బంతి మీది చిన్న గుంటలు) సాగిపోవచ్చు. డింపుల్ లోతు పావు మిల్లీమీటర్ ప్రాంతంలోనే ఉంటుంది, బంతి ఎగిరే తీరంతా వాటి మీదే ఆధారపడి ఉంది.

నాకు బాగా నచ్చిన లెక్క కూలింగ్ టైమ్‌ది. పలక ఆకారపు భాగం చల్లబడే సమయం చెప్పే ప్లేట్ ఫార్ములా రెండు వైపులా చల్లబడే మందానికి రాసింది. ఇక్కడ కవర్ లోపలి వైపు రబ్బరు ఉంది, వేడి దాదాపు ఒక వైపు నుంచే పోతుంది. కాబట్టి 1.5 మి.మీ. కవర్‌కి ఫార్ములాలో 3 మి.మీ. వేయాలి. మందం స్క్వేర్‌లో ఉంటుంది గనక సమయం నాలుగు రెట్లు. ఫార్ములా కంఠతా వచ్చినా ఈ సంగతి గమనించనివాళ్లు మార్కులు పోగొట్టుకుంటారు.

మోల్డ్‌ని చల్లబరిచే నీటి చానెల్ కూడా వదలకండి. 10 మి.మీ. వ్యాసం చానెల్‌లో రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత అల్లకల్లోలంగా ఉందో చెప్పేది) 10,000 రావాలంటే మామూలు నీటికి వేగం సెకనుకు ఒక మీటర్, అంటే నిమిషానికి 4.7 లీటర్లు. ఫ్లూయిడ్ మెకానిక్స్ రెండో సెక్షన్‌గా తీసుకున్నవాళ్లకి ఇది ఒకే దెబ్బకి రెండు పిట్టలు.

పాత పేపర్లు చేసేటప్పుడు ప్రతి ప్రాసెసింగ్ ప్రశ్న పక్కనా 'వేడి ఎటు నుంచి ఎటు' అని ఒక బాణం గీసుకునేవాణ్ణి. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకి నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి వాటిని ముందు పూర్తి చేసేవాణ్ణి. అరీనియస్ లెక్కల్లో సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చడం మొదటి లైన్‌లోనే రాసేయండి. ఎక్స్‌పొనెన్షియల్స్, లాగ్‌లు మాత్రం ఇంట్లో కూడా గేట్ వర్చువల్ కాలిక్యులేటర్ మీదే మౌస్‌తో ప్రాక్టీస్ చేయండి, చేతి కాలిక్యులేటర్ అలవాటు అక్కడ సమయం తినేస్తుంది.