పట్టీ లాగితే ఔటే, కానీ ఏ లీగులో?

నేను అమెరికాలో చేసే ఉద్యోగమేంటో మా పెద్ద మావయ్యకు ఈ సంక్రాంతికి గానీ బోధపడలేదు. హెచ్‌-1 మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్‌-4 వీసా మీద వెళ్ళినవాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు 2015లో వచ్చింది. ఆ పర్మిట్ కార్డు చేతికొచ్చాక మా సిటీ పార్కుల శాఖలో చేరాను. మైదానాలకు టైములు సర్దడం, ఫీజులు కట్టించుకోవడం, శని ఆదివారాలు నలుపు తెలుపు చారల చొక్కా తొడుక్కుని ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి, అంటే మనిషిని పట్టి పడెయ్యకుండా ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కి, రిఫరీగా నిలబడటం, ఇదీ పని. ఎంబీయే చదివిన పిల్ల ఎండలో ఈల ఊదుకుంటోందని అత్తయ్యకు లోపల బాధే. మావయ్య మాత్రం వయసులో ఉన్నప్పుడు అమలాపురం చుట్టుపక్కల కబడ్డీ పోటీలకు అంపైరు. ఆయనకు నా జీతం అక్కర్లేదు, రూల్స్ కావాలి.

"మనిషిని పట్టుకోకూడదంటే మరెలా ఆపుతారే అమ్మాయ్?"

ఆడేవాళ్ళందరికీ నడుముకు బెల్టు, దానికి తుంటి మీద వేలాడే పట్టీలు ఉంటాయి. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పట్టీ లాగెయ్యాలి. టప్‌మని ఊడొస్తుంది, ఆట అక్కడికి ఆగుతుంది. బంతి పట్టుకున్నవాళ్ళు పట్టీకి చెయ్యి అడ్డం పెడితే పెనాల్టీ. బంతి చేజారి నేలను పడితే సాధారణంగా ఆట అక్కడితో సరి, దానికోసం మీద పడి కుమ్ముకోవడాలుండవు. బంతితో అవతలి గోల్ గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. ఇంతవరకు ఏ లీగుకెళ్ళినా పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాతే. అసలు ఫుట్‌బాల్లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. ఐదుగురేసి ఆడే ఫ్లాగ్‌లో ఆ లెక్క లేదు. నాలుగు ప్రయత్నాల్లో మైదానం సగం దాటాలి, దాటితే టచ్‌డౌన్ చెయ్యడానికి మళ్ళీ నాలుగు. కొన్ని పిల్లల లీగుల్లో ఆ రెండో విడతకు మూడే. యూనివర్సిటీ కుర్రాళ్ళు ఏడుగురేసి ఆడేచోట మైదానాన్ని ఇరవై గజాల ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్క దాటడానికి నాలుగు ప్రయత్నాలు. పిల్లల లీగుల్లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని విసిరే కుర్రాడు, ఆట మొదలైన గీత దాటి బంతితో పరిగెట్టకూడదు, చాలాచోట్ల ఏడు సెకన్లలో విసిరెయ్యాలి కూడా. అదే కుర్రాడు రేపు కాలేజీలో చేరితే కావలసినంత దూరం పరిగెట్టుకోవచ్చు. ఐదుగురేసి ఆడేచోట సగం గీతకూ గోల్ గీతకూ ముందున్న ఐదు గజాల్లో పరుగు నిషేధం, విసిరే తీరాలి. లేకపోతే చివర్లో అందరూ ఒకేచోట గుమిగూడి తోసుకుంటారు. పిల్లల బొమికలు ముఖ్యం కదా.

ఆడా మగా కలిసి ఆడే లీగులు ఇంకో తలనొప్పి. ఆడవాళ్ళు చేసిన టచ్‌డౌన్‌కి ఎక్కువ పాయింట్లిచ్చే లీగులున్నాయి. నాకది నచ్చదు, జాలిపడి వేసినట్టుంటుంది. యూనివర్సిటీల పద్ధతి మేలు. మగవాడు విసిరిన బంతి మగవాడే పడితే, ఆ తర్వాత చేతికందే పాసు ఆడమనిషి విసిరిందో, ఆడమనిషి పట్టిందో అయి తీరాలి. అప్పుడు చచ్చినట్టు అందిస్తారు.

జేబుల గొడవ వేరే. జేబులున్న నిక్కరు వేసుకుంటే పట్టీ లాగబోయిన వేళ్ళు అందులో ఇరుక్కుని విరుగుతాయి. జేబుల మీద టేపు అంటిస్తే చాలంటుంది ఒక లీగు, నిక్కరు మార్చుకుని రమ్మంటుంది ఇంకోటి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చేసే మనవాళ్ళతో నాకు ఎప్పుడూ ఈ వాదనే. నా డిక్కీలో టేపు చుట్ట ఒకటి పడే ఉంటుంది.

ఒకసారి ఒక పిల్లాడి పట్టీ ఎవరూ లాగకుండానే జారిపోయింది. మా లీగులో అలా జారితే ఆట అక్కడే ఆగాలి, ఈల ఊదాను. గీత అవతలి నుంచి అచ్చ తెలుగు వినబడింది. "ఏవండీ మేడంగారూ, పోయినవారం ఇంకో లీగులో ఒంటిచేత్తో తాకితేనే ఔటన్నారండీ, ఇక్కడ తాకనేలేదు కదండీ!" యాస వినగానే భీమవరం వైపని తెలిసిపోయింది. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు, ఆ లీగులో రూల్ అదే. "ఇది ఆ లీగు కాదండీ" అన్నాను. "ఆయ్, అలాగైతే సరేనండీ" అని కూర్చున్నారు. అమెరికన్ తండ్రులైతే ఇంకో పది నిమిషాలు పట్టేది.

అరుగు మీద కూర్చుని ఇదంతా విన్న మావయ్య "మన చెడుగుడు లాగే, ఊరికో రూలన్నమాట" అన్నాడు. ఒక ఊళ్ళో కూత ఆపితే ఔటు, పక్క ఊళ్ళో అంపైరు చెవికి వినబడకపోతేనే ఔటు, ఆ తగాదాల్లో ఎన్ని కర్రలు విరిగాయో ఆయనకు తెలుసు.

ఒలింపిక్స్ సంగతి చెబితే నమ్మలేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే, క్రికెట్‌తో పాటు దీన్నీ ఖాయం చేశారు. మన పేపర్లు ఎక్కువగా క్రికెట్ సంగతే రాశాయి. అక్కడ మాత్రం ఒకే పుస్తకం: జట్టుకి ఐదుగురు, యాభై గజాల పొడవు, ఇరవై ఐదు గజాల వెడల్పు, రెండు కొసలా గోల్ గీత అవతల పదేసి గజాల ఎండ్ జోన్లు.

"అంతా కలిపి డెబ్బై పాతికలు పదిహేడు వందల యాభై గజాలు. ముప్పై ఆరు సెంట్లు" అన్నాడు మావయ్య క్షణంలో. "కబడ్డీ ఉందా?"

"లేదు మావయ్యా."

"ఏం ఒలింపిక్సో!"

కనుమ మర్నాడు పిల్లల్ని పోగేసి, కోత అయిపోయిన చేలో ముగ్గుపిండితో గీతలు గీయించాడు. పట్టీలకు బదులు నడుముకు చెరోపక్క తువ్వాళ్ళు దోపుకోమన్నాడు. రెండో ఆటకే చిన్న మేనకోడలి తువ్వాలు దానంతటదే జారిపడింది. అది ఆగకుండా పరిగెట్టి గీత దాటేసింది. అవతలి జట్టు మగపిల్లలు గోల గోల. అందరూ నావైపు చూశారు.

"దాన్ని అడక్కండిరా, దాని డ్యూటీ అక్కడ" అన్నాడు మావయ్య. "మన చేలో చేత్తో తాకితేనే ఔటు. ఆరు పాయింట్లు రాయండి. ఒరేయ్, నిక్కరు జేబులున్నవాళ్ళు ఇటు రండి, ఆ తువ్వాలు జేబులో కుక్కితే ఎవడికి ఊడుతుందిరా?"