ఐస్‌లాండ్‌లో మొలతాడు

మొన్న రాత్రే ఐస్‌లాండ్ నుంచి మ్యూనిక్‌లో మా అమ్మాయి ఇంటికి తిరిగొచ్చాం. కాళ్ల నొప్పులు తగ్గాయి గానీ సిగ్గు తగ్గలేదు. అదీ తగ్గిపోతే ఇంత వివరంగా రాయబుద్ధి కాదేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

వీసా గురించి చెప్పడానికేం లేదు. జర్మనీలో మూడు వారాలు, ఐస్‌లాండ్‌లో ఆరు రోజులు. ఎక్కువ రోజులుండేది జర్మనీలోనే కాబట్టి వాళ్ల షెంగెన్ వీసా తీసుకున్నాం, అదే అక్కడా చెల్లింది. టూరు అమ్మాయే బుక్ చేసింది. చిన్న బస్సు, మొత్తం పన్నెండు మందిమి, గైడే డ్రైవరు. జనవరి ఆఖరి వారం. అక్కడ పొద్దున్న పదిన్నరకి గానీ తెల్లారదు, ఐదింటికల్లా చీకటి. మా ఆవిడ మొదటి రోజే అనేసింది, "ఇంత డబ్బు పోసి సగం రోజు చీకట్లో కూర్చోడానికొచ్చామా?" అని.

బట్టల విషయంలో ఒక్క మాట. అల్లుడు ముచ్చటపడి కొనిపెట్టిన ఖరీదైన ఉన్ని టోపీ రెండుసార్లు గాలికి ఎగిరిపోయింది. కాకినాడ మెయిన్‌రోడ్డులో నూటయాభైకి కొన్న మంకీ క్యాప్ ఇసుమంత కదల్లేదు. మూడో రోజు ఒక జర్మనావిడ అదెక్కడ దొరుకుతుందని అడిగింది కూడా. కాబట్టి మంకీ క్యాప్ చూసి నవ్వే పిల్లల మాట వినకండి.

మొదటి రోజు అందరూ చూసేవే చూపించారు. స్ట్రోక్కుర్ అనే వేడినీటి ఊట ఐదు పది నిమిషాలకోసారి కొబ్బరిచెట్టంత ఎత్తు చిమ్ముతుంది. థింగ్‌వెల్లిర్ అనే చోట భూమి పైపొరలోని అమెరికా పలక ఒకవైపు, యూరప్ పలక ఇంకోవైపు ఏడాదికి రెండు సెంటీమీటర్ల లెక్కన జరుగుతూ నేల నెర్రె విచ్చింది. ఆ నెర్రె పక్కనే 930లో వాళ్ల పార్లమెంటు పెట్టుకున్నారట. రాత్రి హోటల్లో వేడినీళ్ల కుళాయి తిప్పితే గుప్పున కోడిగుడ్డు వాసన. భూమి లోపలి వేడినీళ్లు అలాగే గొట్టాల్లో వస్తాయి, అది గంధకం వాసనని గైడు చెప్పాడు. జన్మలో గుడ్డు ముట్టని మా ఆవిడకి అది ఎక్కలేదు. చన్నీళ్లు కాచుకుందామని కెటిల్ ముందు కూర్చుంది.

సోల్‌హేమయోకుల్ అనే హిమానీనదం మీద నడక ఉందంటే నా వయసుకి మానుకోమన్నారు అమ్మాయీ అల్లుడూ. బూట్ల కింద ఇనప పళ్ల చట్రం బిగించి, కాళ్లు ఎడంగా పెట్టి, పాదం మొత్తం ఒకేసారి దింపమన్నాడు గైడు. చిన్నప్పుడు వానాకాలంలో చేల గట్ల మీద నడిచినవాడికి అది కొత్తా? కుర్రాళ్లు ఇద్దరు చతికిలబడ్డారు, నేను పడలేదు. మంచుగడ్డ తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ మధ్యమధ్య నల్లటి చారలు. పాత పేలుళ్ల బూడిద. పైనున్న పెద్ద మంచు దుప్పటి కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉంది, పెద్దగా పేలింది 1918లో. 2010 నుంచి అక్కడి బడిపిల్లలు ఈ మంచు అంచు ఎంత వెనక్కి పోయిందో ఏటా కొలుస్తున్నారు. మొదట కొలిచిన చోట ఇప్పుడు నీళ్ల మడుగు.

ఇక అసలు సంగతి.

ఆ సాయంత్రం బడలిక తీరడానికి ఊరి ఈతకొలనుకి తీసుకెళ్తామన్నారు. టూరువాళ్లు పంపిన రెండు పేజీల జాబితాలో "ఈత బట్టలు, తువ్వాలు" అని ఉంటే మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు ఒకటి పెట్టుకున్నాను. ఉన్ని సాక్సు ఎన్ని జతలో, ఏ మందమో రాసిన మహానుభావులు ఈ మాట ఎందుకు రాయలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

గుమ్మం దగ్గరే బూట్లు విప్పించారు. ఆడవాళ్లు అటు, మగవాళ్లు ఇటు. "మామయ్య గారూ, మీరు పదండి, నేను ఫోన్ చూసుకుని వస్తా," అన్నాడు అల్లుడు. అల్లుడి మర్యాద అనుకున్నాను. అది మర్యాద కాదని తర్వాత తెలిసింది.

లాకర్లో బట్టలు పెట్టి, నిక్కరేసుకుని స్నానాల గదిలోకి వెళ్లాను. తలుపుల్లేవు, అడ్డు గోడల్లేవు, వరసగా షవర్లు. ఎనభై ఏళ్ల ముసలాయన ఒకడు, పుట్టినప్పుడు ఎలా ఉన్నాడో అలా నిలబడి తాపీగా సబ్బు రుద్దుకుంటున్నాడు. తల తిప్పుకుని షవరు తిప్పాను. ముసలాయన గొంతు సవరించి గోడ వైపు చూపించాడు. అక్కడొక బొమ్మ. మనిషి ఆకారం, నెత్తి, చంకలు, నడుం కింద, పాదాలు ఎర్రగా. ఇక్కడిక్కడ రుద్దుకోవాలి, ఏ గుడ్డా లేకుండా. అర్థం కానట్టు నటించాను. ఈలోగా అక్కడ పనిచేసే కుర్రాడు వచ్చి నా నిక్కరు వైపు వేలు చూపించి "నో" అన్నాడు. పెద్దగా అనలేదు. కానీ ఆ గదిలో గోడలు పింగాణీ పలకలు, గుసగుస కూడా మార్మోగుతుంది.

ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేశాను. ఆడిటర్లు నా ముందు నిలబడి మాట్లాడేవారు. ఆ కుర్రాడి ముందు గోడ వైపు తిరిగి నిక్కరు విప్పాను. ఒంటి మీద మిగిలింది మొలతాడు ఒక్కటే, నల్లది, మా అమ్మ ఉన్నప్పుడు కట్టించిన వెండి బిళ్లతో. అది కూడా తీయాలేమో అన్నట్టు దాని వైపు చూశాడు. "రిలిజియస్," అన్నాను. మొలతాడుకి మతమేమిటో నాకే తెలీదు, నోటికి అదే వచ్చింది. తల ఊపి వెళ్లిపోయాడు.

అప్పుడు వినపడింది వెనకాల తడి అడుగుల చప్పుడు. నేను లోపలికెళ్లి ఈపాటికి బయటపడి ఉంటానని లెక్క వేసుకుని వచ్చాడు అల్లుడు. ఎనిమిదేళ్ల కిందట పళ్లెంలో కాళ్లు కడిగి కన్యాదానం చేసిన అల్లుడు. "సారీ మామయ్య గారూ," అన్నాడు గోడకేసి. "పర్లేదు నాన్నా," అన్నాను ఎదుటి గోడకేసి. అంత శ్రద్ధగా ఒళ్లు రుద్దుకోవడం నా జీవితంలో అదే మొదలు. ముసలాయనకి మాత్రం మేమిద్దరం ఉన్నట్టే పట్టలేదు, కూనిరాగం తీస్తూ పోయాడు.

బయట మైనస్ ఆరు. తొట్టిలో నీళ్లు నలభై డిగ్రీలు. పీకల దాకా మునిగితే జుట్టు మాత్రం గడ్డకట్టి ముళ్లలా లేచింది. అదే ముసలాయన పక్కన కూర్చుని కారణం చెప్పాడు. వాళ్ల కొలనుల్లో క్లోరిన్ చాలా తక్కువ వేస్తారట, అందుకే అందరూ శుభ్రంగా కడుక్కునే దిగాలి. బళ్లో ఈత తప్పనిసరి కాబట్టి పిల్లలకి ఏడో ఏటి నుంచే ఇది మామూలు. న్యాయమే. మా అపార్ట్‌మెంటు కొలనులో చెమట బనియన్లతో దూకే పెద్దమనుషుల మీద అసోసియేషన్‌కి నేను మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఎర్ర గుర్తుల బొమ్మ ఫోటో తీద్దామనుకున్నాను గానీ అక్కడ ఫోన్ బయటికి తీయకూడదు, తీయకపోవడమే మంచిది కూడా.

వెళ్లేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. తువ్వాలు లాకర్లో వదలొద్దు, షవర్ల దగ్గరి అరలో పెట్టండి, తుడుచుకున్నాకే లాకర్ల గదిలోకి రానిస్తారు. కొన్నిచోట్ల తలుపున్న గది ఒకటో రెండో ఉంటాయట, టికెట్టు కొనేటప్పుడే అడగండి. అల్లుడితో వెళ్తే ఎవరు ముందో ఇంట్లోనే తేల్చుకోండి.

బస్సులో అమ్మాయిని నిలదీశాను. "తెలుసు నాన్నా. చెబితే నువ్వు రావుగా," అంది. ఆడవాళ్ల వైపు ఏం జరిగిందో మా ఆవిడ ఇంతవరకూ నోరు విప్పలేదు. ఆ రాత్రి నుంచి మాత్రం గుడ్డు వాసన నీళ్ల గురించి ఒక్క మాటా అనలేదు.

మిగతా రోజులు బాగానే గడిచాయి. యోకుల్సార్లోన్ మడుగులో మంచుగడ్డలు నీలంగా మెరుస్తూ తేలుతుంటే ఒడ్డున నల్ల ఇసుక. రేనిస్‌ఫియారా అనే సముద్రతీరంలో కెరటాలకి వెన్ను చూపొద్దని గైడు పదిసార్లు చెప్పాడు, ఆయన మాట వినండి. నాలుగో రాత్రి ఆకాశంలో అరోరా అనే ఆకుపచ్చ వెలుగు కనపడింది, కంటికంటే ఫోన్లోనే బాగుంది. వాళ్ల పెరుగులాంటి స్కీర్‌లో ఆవకాయ కలుపుకుంటే బ్రహ్మాండం.

ఇవాళ పొద్దున టూరువాళ్లు అభిప్రాయం రాయమని ఫారం పంపారు. అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "నాన్నా, ఏమైనా ఇబ్బందులు ఉంటే రాయమంటున్నారు, ఏం రాయను?" అని గట్టిగా అడిగింది. సోఫాలో ఉన్న అల్లుడు కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఆయన చేతిలో నిండు కప్పు అలాగే ఉంది.