అమరావతి రాళ్ళ కోసం ఓ శనివారం

శనివారం, రాత్రి పదిన్నర

మా ఇంట్లో పై గదిలో కొత్తగా దిగిన నంద్యాల అమ్మాయి ఈ వారమంతా గది దాటి బయటికి రాలేదు. క్లాసులు ఇంకా మొదలవలేదు. పార్ట్‌టైమ్ పని దొరకలేదు. స్టూడెంట్ వీసా కాబట్టి దొరికినా చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలే. "బయటికి పోతే ఖర్చే కదక్కా" అంటుంది. లండన్ కొచ్చిన కొత్తలో అందరిదీ ఇదే టెన్షన్. టీకి మూడు పౌన్లంటే మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకుని దుకాణం బయటి నుంచే వెనక్కి తిరుగుతాం. నేనూ అలాగే గడిపాను కొన్ని నెలలు. అందుకే పొద్దున్నే వెళ్ళి తలుపు తట్టాను. "ఇవాళ నాతో బ్రిటిష్ మ్యూజియానికి రామ్మా, బస్సు ఛార్జీ తప్ప పైసా ఖర్చవదు" అని చెప్పాను.

పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాం, రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకున్నాం. స్ట్రాట్‌ఫర్డ్‌లో 25వ నంబరు బస్సు ఎక్కాం. కార్డు తాకించిన గంటలోపు ఇంకో బస్సు ఎక్కినా మళ్ళీ డబ్బు పట్టుకోరు. ట్యూబ్ రైల్లో అయితే త్వరగా చేరతాం కానీ ఊరు కనపడదు. పై అంతస్తులో ముందు సీట్లు ఖాళీగా దొరికాయి. వైట్‌చాపెల్ సంత, ఆల్డ్‌గేట్, బ్యాంక్, సెయింట్ పాల్స్ గోపురం, అన్నీ అద్దంలోంచే చూసుకుంటూ వెళ్ళాం. చివరి స్టాపులో దిగి అక్కడి నుంచి నడక.

దారిలో రెండు మూడుసార్లు అడిగింది, "నిజంగానే టికెట్ లేదాక్కా?" అని. లేదు. బ్రిటిష్ మ్యూజియం 1759లో తెరిచినప్పటి నుంచీ, 1974లో కొన్ని నెలలు తప్పిస్తే, లోపలికి వెళ్ళడానికి డబ్బు తీసుకోలేదు. నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్, నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియాలకు ఒకప్పుడు టికెట్లు పెట్టారు గానీ 2001 చివర్లో తీసేశారు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది, వాటి జోలికి మనం వెళ్ళక్కర్లేదు. ఊరికే వస్తుందంటే ఎవరో కడుతున్నారనే అర్థం. నా జీతంలో నెలనెలా కోసుకునే పన్నులో ఓ పిసరు ఇక్కడికి వస్తుంది. ఆ పన్ను గురించి నాకెప్పుడూ బాధ లేదు.

సెలవు రోజుల్లో ముందు గేటు దగ్గర క్యూ రోడ్డు దాకా ఉంటుంది. వెనక వైపు మాంటేగ్ ప్లేస్‌లో ఇంకో ద్వారం ఉంది, అక్కడ జనం తక్కువ. బ్యాగు తెరిచి చూశారు, వెళ్ళమన్నారు, అంతే. పాస్‌పోర్టు అడగలేదు, ఎక్కడి నుంచి వచ్చారని అడగలేదు. తను మాత్రం చేతిలో కాలేజీ ఐడీ కార్డు పట్టుకునే ఉంది.

లోపలికి రాగానే మమ్మీలు చూద్దామంది, రోసెట్టా రాయి చూద్దామంది, సాయంత్రంలోగా అన్నీ చుట్టేద్దామంది. తప్పేం లేదు, మనకు అలవాటైన మ్యూజియం అదే. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు సాలార్‌జంగ్‌కి తీసుకెళ్తే మేం చేసింది కూడా పరుగే. గంట కొట్టే గడియారం దగ్గర గుంపు, మేలిముసుగు రెబెకా దగ్గర గుంపు, టీచర్ విజిల్, బస్సు. టికెట్ కొన్నచోట ఏదీ వదలకుండా చూసి డబ్బు రాబట్టుకోవాలనిపిస్తుంది. ఇక్కడ ఆ అవసరం లేదు. ఒక్క గది చూసి వెళ్ళిపోయినా పోయేదేం లేదు, మిగతావి రేపు చూడొచ్చు. ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమయ్యాక ఈ ఊళ్ళో నా బతుకే కొంత తేలికపడింది. వానొస్తే లోపలికి వస్తాను. ఆఫీసులో మనసు పాడైన రోజున వచ్చి అరగంట కూర్చుంటాను. బెంచీ ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, శుభ్రమైన బాత్రూమ్ ఉంటుంది, ఏం కొన్నావని ఎవరూ అడగరు. ఇన్నీ ఒకచోట ఉచితంగా దొరికే చోటు లండన్‌లో ఇంకెక్కడుంది?

అందుకే ఇవాళ ముందు ఒక్క గదే అన్నాను. 33వ నంబరు హాలు చివర, గాజు గోడలున్న 33ఎ గది. మన అమరావతి స్తూపం రాళ్ళు ఉన్నది అక్కడే.

లోపలికెళ్ళాక తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక పలక దగ్గర వంగి, బొమ్మలు కాదు, రాయినే చూసింది. "ఇది మా బేతంచెర్ల బండల మాదిరే ఉందే" అంది. వాళ్ళింట్లో నేల అంతా ఆ బండలేనట. నాకు భలే సంతోషం వేసింది. నిజంగానే ఇది పలనాటి సున్నపురాయి, దూరపు చుట్టరికం ఉన్న రాయే. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. మెత్తగా చెక్కుడు పడే రకం కాబట్టే అంత చిన్న చిన్న వేళ్ళు, గాజులు, తలపాగా ముడులు కూడా తేటగా ఉన్నాయి.

ఒక పలక మీద స్తూపం బొమ్మే ఉంది. ఇప్పుడు అమరావతి వెళ్తే మనకు కనపడేది దిబ్బ, చుట్టూ విరిగిన రాళ్ళు. అది నిండుగా ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో ఈ పలక చెబుతుంది. గుండ్రటి గోపురం లాంటి అండం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరసగా ఆయక స్తంభాలనే అయిదు నిలువు స్తంభాలు, చేతులు జోడించిన జనం. ఆ పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. రెండో వైపుది ఇంకా పాతది, క్రీస్తు పూర్వం నాటిది. అందులో బుద్ధుడు లేడు. బోధి చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. తర్వాతి తరాల వాళ్ళు అదే రాయిని తిప్పి కొత్త బొమ్మ చెక్కారు. మంచి రాయిని పారేయలేదు. ఇంకో పలక మీద బుద్ధుడి పాదాలు మాత్రమే ఉన్నాయి, అరికాళ్ళ మధ్యలో చక్రాలు. ఆ పాదాల దగ్గర తను ఫోన్ తీయలేదు, చెప్పులు విప్పాలేమో అన్నట్టు కాళ్ళు వెనక్కి జరుపుకుంది.

ఇవి ఇక్కడికెలా వచ్చాయని అడిగింది. తెలిసినంత చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బ తవ్వి రాళ్ళు తీశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఈ మధ్యలో ఎన్ని పలకలు సున్నం బట్టీల్లో కాలిపోయాయో. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకు వానకు పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఈ మ్యూజియానికి వచ్చింది 1880లో. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. ఒక్క స్తూపం ఇన్ని ముక్కలై ఇన్ని ఊళ్ళలో ఉంది.

"మనదైతే మనకు ఇచ్చేయొచ్చు కదక్కా?" అంది. ఇచ్చేయాలనే నా మనసు కూడా చెబుతుంది. కాలిపోయిన వాటిని తలుచుకుంటే, ఇవైనా మిగిలాయి కదా అని కూడా అనిపిస్తుంది. కానీ బాగా దాచారు కాబట్టి వాళ్ళవే అయిపోతాయంటే మాత్రం నేనొప్పుకోను. సత్తెనపల్లిలో ఉన్న మా అమ్మ వీటిని చూడాలంటే వీసా కావాలి, బ్యాంకు కాగితాలు కావాలి, విమానం టికెట్ కావాలి. గుమ్మం దగ్గర డబ్బు అడగరు, నిజమే. గుమ్మం దాకా రావడానికే లక్షలవుతాయి.

ఇంకో మాట కూడా చెప్పాను తనకి. కృష్ణ ఒడ్డునే కొల్లూరు గనుల్లో దొరికిందంటారు కోహినూర్. అది ఇదే ఊళ్ళో టవర్ ఆఫ్ లండన్‌లో ఉంది, చూడాలంటే ముప్పై పౌన్ల పైనే టికెట్. నేనింతవరకు వెళ్ళలేదు, వెళ్ళాలనీ లేదు. వజ్రంలో మనిషి చెయ్యి కనపడదు. ఈ రాతిలో పూలదండ మోసేవాడి భుజం ఎంత బరువుతో వంగిందో కూడా కనపడుతుంది.

విదేశాల నుంచి వచ్చే వాళ్ళకైనా టికెట్ పెట్టాలనే మాట ఇక్కడి పత్రికల్లో అప్పుడప్పుడు వస్తుంటుంది. నిర్వహణ ఖర్చు నాకూ తెలుసు, అకౌంట్స్ చూసేదాన్నే. అయినా అది జరగకూడదని గట్టిగా కోరుకుంటాను. గుంటూరు నుంచి వచ్చిన మనిషి తన ఊరి రాయిని చూడటానికి ఇక్కడ టికెట్ కొనాల్సి రావడం అన్యాయం. ఈ మ్యూజియాల్లో ఎన్నో దేశాల ఊళ్ళవి ఉన్నాయి, ఆ ఊళ్ళ వాళ్ళందరికీ ఇదే వర్తిస్తుంది.

రస్సెల్ స్క్వేర్ పార్కులో పులిహోర తిన్నాం. మళ్ళీ లోపలికెళ్ళాం, టికెట్ లేకపోతే ఇదొక సుఖం, ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. రోసెట్టా రాయి దగ్గర జనం తలల మధ్య నుంచి కాస్త చూసింది, మమ్మీలు చూసింది. వెళ్ళేటప్పుడు విరాళాల పెట్టె దగ్గర ఆగి నా వైపు చూసింది. "ఉద్యోగం వచ్చాక వేద్దువులే, ఇవాళ నేను వేస్తాను" అన్నాను.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఏముందని తనే అడిగింది. నేషనల్ గ్యాలరీ శుక్రవారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుందని, వాన్‌గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ అక్కడే ఉందని చెప్పాను. వాళ్ళ నాన్న చేలో పొద్దుతిరుగుడు వేసేవారట. అయితే ఆ ఒక్కటే చూద్దామంది. ఆ బొమ్మను అప్పుడప్పుడు వేరే చోట్లకి పంపుతుంటారు కాబట్టి గురువారం వెబ్‌సైట్ చూసుకోవాలి. నా ఆఫీసు అయిదున్నరకి అవుతుంది, ఆరున్నరకల్లా అక్కడ కలుద్దామనుకున్నాం.