కడుపుతో ఉండగా షుగర్: అన్నం లొంగింది, టిఫినే లొంగలేదు

కడుపుతో ఉన్నవాళ్లకి షుగర్ పరీక్ష ఆరో నెలలో చేసేదనే అందరూ అనుకుంటారు. నిజానికి మొదటిసారి డాక్టరుకి చూపించుకున్నప్పుడే ఒకటి చేస్తారు. అది బాగుంటే 24, 28 వారాల మధ్య మళ్లీ ఇంకోటి. 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీళ్లలో కలిపి పది నిమిషాల్లోపు తాగాలి, 2 గంటలకి రక్తం తీస్తారు. 140 గానీ ఆపైన గానీ వస్తే షుగరే. అరగంటలోపు వాంతి చేసుకుంటే మర్నాడు మళ్లీ తాగాల్సిందే. నాకు రెండోసారి 148 వచ్చింది.

రెండు వారాలు తిండితోనే చూద్దామన్నారు. పరగడుపున 95 లోపు, తిన్న 2 గంటలకి 120 లోపు ఉండాలి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, కూరా పప్పూ పెంచితే దారికొచ్చింది. బియ్యం మాత్రం మార్చలేదు, అదే బీపీటీ. రకం మార్చడం కంటే కొలత మార్చడం తేలిక. అన్నం పూర్తిగా మానేస్తే మూత్రంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వుని కరిగించుకున్నప్పుడు వచ్చేవి) పడతాయి, అదీ మంచిది కాదు.

చిక్కంతా పొద్దున్నే. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌కి అడ్డం పడతాయి, తెల్లవారేసరికి కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా తోడవుతుంది. రాగిజావ మంచిదని అందరూ చెబుతారు గానీ, మెత్తటి పిండి పలచగా కాచి తాగితే షుగర్ మీటరులో అంకె ఎగబాకుతుంది. పెసరట్టు నయం, అయితే బెజవాడ పద్ధతిలో కాదు: లోపలి ఉప్మా బొంబాయి రవ్వ, పక్కనున్న అల్లం పచ్చడిలో బెల్లం. పెసలు పొట్టుతోనే నానబెట్టి, కరకరలాడ్డానికి వేసే గుప్పెడు బియ్యం మానేసి, రెండట్లు, పల్లీ పచ్చడి, ఉడికిన గుడ్డు. తిన్నాక పావుగంట డాబా మీద నడక.

మీటరు కూడా మోసం చేస్తుంది. ఒకరోజు పిల్లలకి మామిడిపండు కోసి, చేతులు తుడుచుకుని గుచ్చితే 178. సబ్బుతో కడిగి, తడి లేకుండా ఆరనిచ్చి, ఇంకో వేలి పక్కభాగంలో గుచ్చితే 112! స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచకూడదు, పొయ్యి దగ్గర అసలే వద్దు.

రెండు వారాలైనా టిఫిన్ తిన్న 2 గంటల అంకె 120 దిగకపోతే మందు రాస్తారు. నాకు ఇన్సులిన్ రాశారు. బిడ్డకేమవుతుందోనని ఇంట్లో భయపడ్డారు. మాయ దాటి బిడ్డకి చేరేది చక్కెరే, ఇన్సులిన్ చేరదు.

కాన్పయ్యాక 6 వారాలకి అదే గ్లూకోజు పరీక్ష ఉంటుంది. పుట్టింట్లో ఉండి చాలామంది దాన్ని వదిలేస్తారు. బిడ్డకి ఆరో వారం టీకాలు వేయించే రోజే పరగడుపున వెళ్తే సరిపోతుంది.